చీటీ మీద 250, కావలసింది 305: ఒక బత్తాయి తోటలో ప్రెజర్ యూనిట్లు కలగలిసిన కేసు

నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు ఎర్ర చెల్కలో అయిదెకరాల బత్తాయి తోట. చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 ఫీట్లు, వరసకూ వరసకూ మధ్య 20 ఫీట్లు. ఎకరాకు 108 లెక్కన మొత్తం 540 చెట్లు. ఒక్కో చెట్టుకు గంటకు 8 లీటర్లు ఇచ్చే మామూలు డ్రిప్పర్లు నాలుగు, అంటే గంటకు 32 లీటర్లు. తోట రెండు మడులు: కింది మడికి 270 చెట్లు, ఒక వాల్వ్, పై మడికి 270 చెట్లు, ఇంకో వాల్వ్. బోరు, శాండ్ ఫిల్టర్, స్క్రీన్ ఫిల్టర్ అన్నీ దిగువ మూలనే ఉన్నాయి. అక్కడి నుంచి పై గట్టు దాకా నేల 16 ఫీట్లు లేస్తుంది. సబ్‌మెయిన్, అంటే మడిలోకి నీళ్లు తెచ్చే పైపు, వాలు వెంట పైకి పోతుంది, లాటరళ్లు, అంటే దాని నుంచి చీలి డ్రిప్పర్లకు నీళ్లిచ్చే సన్న పైపులు, వాలుకు అడ్డంగా పరిచి ఉన్నాయి. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి, కేసు సగం దాని మీదే నడుస్తుంది.

పాత మోటరు కాలిపోతే ఏడాది కింద 5 హెచ్‌పీ కొత్త సబ్‌మెర్సిబుల్ దించారు. ఆ తర్వాతి ఏప్రిల్‌లో పై మడి చివరి వరసల్లో ఆకు ముడుచుకుంది, పిందె రాలడం మొదలైంది. రైతు చెప్పింది ఒకే మాట: "పైన చెట్లకు నీళ్లు అందుతలేవు. ఫిల్టర్ గుంజుకుంటుంది." ఫిల్టర్ మీద అనుమానం రావడానికి కారణం ఉంది. ఫిల్టర్‌కు ముందున్న గేజీ 1.2 చూపిస్తోంది, తర్వాత ఉన్న గేజీ 0.1 చూపిస్తోంది. తేడా 1.1. మంచి ఫిల్టర్‌లో ఈ తేడా 0.2, 0.3 కేజీల దగ్గర ఉండాలి, 0.5 దాటితే కడగాలి. 1.1 అంటే జాలీ పూర్తిగా పూడుకుపోయినట్టే లెక్క.

ఆ లెక్క ప్రకారమే జాలీ రెండుసార్లు మార్చారు. శాండ్ ఫిల్టర్‌లో ఇసుక తీసి కొత్తది నింపారు. బ్యాక్‌వాష్ రోజూ చేశారు. ముల్లు 0.1 దగ్గర నుంచి కదల్లేదు. తర్వాత డ్రిప్పర్లలో సున్నం పట్టిందేమోనని యాసిడ్ ట్రీట్‌మెంట్ కూడా పెట్టారు. ఈ ప్రాంతపు బోరు నీళ్లలో సున్నం పట్టడం మామూలే, కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. కానీ లక్షణం సరిపోదు. సున్నంతో మూసుకునే డ్రిప్పర్లు చెదురుమదురుగా ఉంటాయి: ఒకే చెట్టు కింద ఒకటి నిండుగా కారుతుంది, పక్కది చుక్కలు వేస్తుంది. ఇక్కడ ఒక వరసలోని డ్రిప్పర్లన్నీ ఒకేలా తక్కువ ఇస్తున్నాయి, పైకి పోయేకొద్దీ ఇంకా తక్కువ. వరసల వారీగా, ఎత్తును బట్టి తగ్గితే అది మూసుకుపోవడం కాదు, ప్రెజర్ లేకపోవడం.

గేజీలో 0.1 అంటే ఏమిటి

ఫిల్టర్ ముందు గేజీ పాతది. బయటి వలయంలో పీఎస్‌ఐ (చదరపు అంగుళం మీద పౌండ్లు), లోపలి వలయంలో కేజీ. మన దగ్గర మెకానిక్‌లు మొదటిదాన్ని పౌండ్లు అంటారు, రెండోదాన్ని ఒట్టి కేజీ అంటారు. ఈ కేజీ నిజానికి చదరపు సెంటీమీటరు మీద ఒక కేజీ బరువు మోపితే వచ్చే ఒత్తిడి. ఫిల్టర్ తర్వాతి గేజీ పగిలిపోతే మోటరుతో పాటు కొత్తది కొన్నారు. అది 0 నుంచి 0.6 దాకా ఉన్న డయల్, కింద చిన్న అక్షరాల్లో ఎంపీఏ, అంటే మెగాపాస్కల్.

1 ఎంపీఏ = 10 బార్ = 10.2 కేజీలు. అంటే 0.1 ఎంపీఏ = 1.02 కేజీ. రెండు గేజీల మధ్య అసలు తేడా 1.2 − 1.02 = 0.18 కేజీ. ఫిల్టర్ శుభ్రంగా ఉంది. మొదటి జాలీ మార్చక ముందు కూడా శుభ్రంగానే ఉండి ఉంటుంది.

డయల్ కింద అక్షరాలు చూడకపోయినా ఈ తప్పును తోటలో నిలబడే పట్టుకోవచ్చు. ఫిల్టర్ తర్వాత నిజంగా 0.1 కేజీయే మిగిలితే అది 1 మీటరు నీటి ఎత్తు, మూడున్నర ఫీట్లు కూడా కాదు. అంత ఒత్తిడితో నీళ్లు 16 ఫీట్ల వాలు ఎక్కి పై గట్టుకు చేరనే చేరవు. కానీ పై వరసలో డ్రిప్పర్లు తక్కువగానైనా కారుతున్నాయి. కాబట్టి 0.1 కేజీ అన్నది అబద్ధం. గేజీ ఏం చూపినా దాన్ని ముందు మీటర్లలోకి మార్చి, ఆ ఎత్తుకు నీళ్లు పోతున్నాయా లేదా అని కళ్లతో చూడడం ఏ లెక్కకన్నా ముందు చేయాల్సిన పని.

నిర్ధారణకు రెండు పనులు జరిగాయి. ఒకటి, 0–4 కేజీల టెస్ట్ గేజీ ఒక్కటే తీసుకుని ఫిల్టర్ ముందు తొడిగి చూడడం, విప్పి తర్వాత వైపు తొడిగి చూడడం. 1.2, 1.0 వచ్చాయి. ఒకే గేజీతో రెండు చోట్లా చూస్తే దాని సొంత తప్పు ఏదున్నా తేడా తీసేటప్పుడు చాలావరకు కొట్టుకుపోతుంది. రెండు వేర్వేరు గేజీలతో ఆ సౌలభ్యం లేదు. 0.6 ఎంపీఏ గేజీ 2.5 క్లాసుది అనుకుంటే దాని అనుమతించిన తప్పు నిండు స్కేలులో 2.5 శాతం, అంటే 0.015 ఎంపీఏ, అంటే దాదాపు 0.15 కేజీ. మనం వెతికే తేడాయే 0.18. యూనిట్ సరిగ్గా చదివినా ఆ జత మీద ఫిల్టర్ తీర్పు చెప్పడం కష్టమే.

రెండోది, పై గట్టు మీద చివరి లాటరల్ మూత తీసి దానికి మేస్త్రీలు వాడే లెవల్ పైపు తగిలించి, వెదురు బొంగుకు కట్టి నిలబెట్టడం. పైపులో నీళ్లు నేల నుంచి 11 ఫీట్లు ఎక్కి ఆగాయి. 11 × 0.3048 = 3.35 మీటర్లు = 0.335 కేజీ. ఇందులో గేజీ లేదు, ముల్లు లేదు, యూనిట్ చదవడంలో పొరపాటుకు చోటే లేదు. అరకేజీ లోపు ఒత్తిడి కొలవాలంటే లెవల్ పైపు చాలా గేజీల కన్నా నమ్మకమైనది. పెద్ద స్కేలున్న గేజీ అడుగు భాగంలో ముల్లు సరిగా పలకదు.

లెక్క కూడా కుదిరింది. ఫిల్టర్ తర్వాత 10.2 మీటర్లు. అందులో వాలు 16 ఫీట్లకు 4.9 పోతుంది. పైపుల్లో రాపిడికి ఆ ప్రవాహం వద్ద 1.9 దాకా పోతుంది. మిగిలేది 3.4.

డ్రిప్పర్ దగ్గర దీని ఫలితం

మామూలు డ్రిప్పర్ ఇచ్చే నీళ్లు ఒత్తిడికి వర్గమూలంగా మారతాయి. ప్యాకెట్ మీద 8 లీటర్లు అని రాసేది 1 కేజీ ఒత్తిడి వద్ద. 0.335 దగ్గర 8 × √0.335 = 4.6 లీటర్లు. కింద గిన్నె పెట్టి 6 నిమిషాలు పట్టారు. ఆరు నిమిషాలంటే గంటలో పదో వంతు, కాబట్టి గిన్నెలో మిల్లీలీటర్లను 100తో భాగిస్తే గంటకు లీటర్లు. పై వరసలో సగటున 460 మి.లీ. వచ్చింది. అదే పై మడి మొదటి వరసలో, అంటే ఎనిమిది ఫీట్ల ఎత్తులో, గేజీ 0.65, గిన్నెలో 645. నాలుగు గంటల తడిలో పై వరస చెట్టుకు అందింది 74 లీటర్లు, అందాల్సింది 128.

ఒత్తిడి మూడో వంతుకు పడితే నీళ్లు మూడో వంతుకు పడవు, దాదాపు 58 శాతం దగ్గర ఆగుతాయి. ఇది రైతును కొంత మోసం చేస్తుంది కూడా. డ్రిప్పర్ కారుతూనే కనిపిస్తుంది, కళ్లకు లోటు తెలియదు. చెట్టు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. ప్రెజర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు ఉన్నా ఇక్కడ రక్షణ లేదు. అవి ప్యాకెట్ మీద రాసిన కనీస ఒత్తిడి దాటాకే ఒకే రకంగా ఇస్తాయి, దానికి కిందపడితే అవీ మామూలువాటిలాగే తగ్గుతాయి.

కింది మడి కూడా పూర్తిగా బాగాలేదు. దాని వాల్వ్ తెరిచినప్పుడు ఫిల్టర్ తర్వాత 0.08 ఎంపీఏ. సగటున డ్రిప్పర్‌కు ఆరు లీటర్లు. ఆ చెట్లు ఇంకా ఓర్చుకుంటున్నాయి, అంతే.

ఒత్తిడి ఎక్కడ పోయింది

మోటరు కొనేటప్పుడు రాసిన చీటీ రైతు దగ్గరే ఉంది. అందులో ఇలా ఉంది:

నీళ్ల లోతు – 220
ఫిల్టర్లు – 7
పైపు రాపిడి – 6
ఎత్తు – 16
డ్రిప్పర్ – 1
మొత్తం – 250

దాని కింద "250 ఫీట్ల హెడ్" (పంపు నీళ్లను తోయాల్సిన మొత్తం ఎత్తు) అని రాసి, 250 × 0.3048 = 76 మీటర్లు చేసి, నిమిషానికి 144 లీటర్ల దగ్గర 76 మీటర్లు ఎత్తే పంపు ఎంచుకున్నారు. ఫీట్లను మీటర్లు చేయడం సరిగ్గానే చేశారు. కూడికలోనే అసలు తప్పు. ఆ అయిదు అంకెలు నాలుగు రకాలవి. నీళ్ల లోతు, ఎత్తు ఫీట్లలో వచ్చాయి. మన దగ్గర బోరు లోతును ఎవరూ మీటర్లలో చెప్పరు. ఫిల్టర్ల 7 ఒక కరపత్రం నుంచి వచ్చిన పీఎస్‌ఐ. పైపు రాపిడి 6 పట్టిక నుంచి వచ్చిన మీటర్లు. డ్రిప్పర్ 1 అంటే కేజీ. అంకెల పక్కన యూనిట్ రాయకపోతే అన్నీ ఒకటే జాతివిగా కనిపిస్తాయి.

అన్నిటినీ మీటర్లలోకి మారిస్తే:

220 ఫీట్లు × 0.3048 = 67.1 మీ.
7 పీఎస్‌ఐ × 0.703 = 4.9 మీ.
6 మీ. = 6.0 మీ.
16 ఫీట్లు × 0.3048 = 4.9 మీ.
1 కేజీ × 10 = 10.0 మీ.
మొత్తం 92.9 మీ., అంటే దాదాపు 305 ఫీట్లు

తక్కువైంది 16.7 మీటర్లు, 1.67 కేజీలు. దీన్ని పంచి చూస్తే ఎక్కడ నష్టం జరిగిందో తెలుస్తుంది. పీఎస్‌ఐని ఫీట్లనుకోవడం వల్ల 2.8 మీటర్లు పోయాయి. మీటర్లను ఫీట్లనుకోవడం వల్ల 4.2 పోయాయి. డ్రిప్పర్ కేజీని ఒక ఫీటు అనుకోవడం వల్ల ఒక్కదానిలోనే 9.7 పోయాయి. చీటీలో అన్నిటికన్నా చిన్న అంకె, అన్నిటికన్నా పెద్ద దెబ్బ. ఒత్తిడి యూనిట్లలో కేజీ, బార్, ఎంపీఏ పెద్ద కొలతలు, వాటి అంకెలు చిన్నవిగా ఉంటాయి. పీఎస్‌ఐ, ఫీటు చిన్న కొలతలు, వాటి అంకెలు పెద్దవి. అందుకే చూపులో 1, 0.1 లాంటివి లెక్కలోకి రాని చిల్లరగా కనిపిస్తాయి.

16.7 మీటర్లు తక్కువైనా తోట పూర్తిగా ఎండలేదు. దానికి కారణం పంపు స్వభావం. ప్రవాహం తగ్గేకొద్దీ సెంట్రిఫ్యూగల్ పంపు ఎక్కువ ఎత్తుకు తోస్తుంది. ఈ పంపు పట్టికలో నిమిషానికి 144 లీటర్ల దగ్గర 76 మీటర్లు, 72 లీటర్ల దగ్గర 94, వాల్వ్ మూస్తే 100 దాకా. కాబట్టి తోటా పంపూ నడిమధ్య ఎక్కడో రాజీపడ్డాయి: నీళ్లూ తగ్గాయి, ఒత్తిడీ తగ్గింది.

లెక్కలో ఇంకో ముక్క యూనిట్లకు సంబంధించింది కాదు. తాడుకు బరువు కట్టి కేసింగ్ సందులోంచి దించి చూస్తే, మోటరు నడుస్తుండగా ఏప్రిల్ నీటిమట్టం 240 ఫీట్లు. చీటీలోని 220 వానాకాలం ముచ్చట. ఈ 20 ఫీట్లు మరో 6.1 మీటర్లు. వేసవికి నిజంగా కావలసింది 99 మీటర్లు.

రెండు దారులు

100 మీటర్ల వద్ద 144 లీటర్లిచ్చే 7.5 హెచ్‌పీ పంపు పెట్టడం ఒక దారి. డీలర్లు ముందు చెప్పేది ఇదే. ఇక్కడ పనికిరాదనడానికి పైపు మీది అంకె చాలు. మెయిన్, సబ్‌మెయిన్ పైపులు 4 కేజీలవి, పైపు మీద 0.4 ఎంపీఏ అని కూడా అచ్చు ఉంది, రెండూ దాదాపు ఒకటే. వాడకంలో ఉన్న పీవీసీ తరగతులు 2.5, 4, 6, 8, 10, 12.5 కేజీలు. పొలంలో ఎక్కువగా కనిపించేవి 4, 6. ఆ అంకె 27 డిగ్రీల వేడి దగ్గరిది. ఎండలో బయటపడి ఉన్న పైపు ఓర్పు ఇంకా తక్కువ.

100 మీటర్ల పంపు వాల్వ్ మూసినప్పుడు 130 దాకా తోస్తుంది. మోటరు అప్పుడే వేసినప్పుడు నీటిమట్టం 200 ఫీట్ల దగ్గరుంటే, 61 మీటర్లు తీసేయగా పైన మిగిలేది 69 మీటర్లు, అంటే 6.9 కేజీలు. ఎవరైనా రెండు వాల్వులూ మూసి మోటరు వేస్తే 4 కేజీల పైపు పగులుతుంది. ఇప్పుడున్న పంపుతో అదే తప్పు చేస్తే 39 మీటర్లు, 3.9 కేజీలు. అంచు మీదే ఉంది కానీ లోపలే ఉంది. పెద్ద పంపుకు కాలమ్ పైపు (బోరులోంచి నీళ్లు పైకి తెచ్చేది), కేబుల్, స్టార్టర్ కూడా మార్చాలి. ఆ ఖర్చంతా పెట్టాక బోరు వేసవిలో నిమిషానికి 144 లీటర్లు నిలకడగా ఇస్తుందన్న భరోసా లేదు.

రెండో దారి, పంపును అలాగే ఉంచి తోటను నాలుగు మడులు చేయడం. ఒక్కో మడికి 135 చెట్లు, గంటకు 4,320 లీటర్లు, నిమిషానికి 72. ఆ ప్రవాహం దగ్గర పంపు 94 మీటర్లు ఇస్తుంది. పైపుల్లోనూ ఫిల్టర్‌లోనూ నష్టం తగ్గుతుంది, ఎందుకంటే ప్రవాహం సగమైతే అక్కడి నష్టం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. పై మడికి మీటర్లలో లెక్క: నీళ్ల లోతు 73.2, ఎత్తు 4.9, రాపిడి 3, ఫిల్టర్ 1, డ్రిప్పర్ 10. మొత్తం 92.1. సరిపోయింది.

విభజన ఎత్తును బట్టి చేయాలి, వెడల్పును బట్టి కాదు. ఒక్కో మడిలో 4 ఫీట్ల ఎత్తు తేడాయే ఉంటే అది 1.2 మీటర్లు, 10 మీటర్ల మీద 12 శాతం, డ్రిప్పర్ నీళ్లలో 6 శాతం. మొదటి చెట్టుకూ చివరి చెట్టుకూ నీళ్లలో 10 శాతం లోపు తేడా ఉండాలన్నది డ్రిప్ డిజైన్‌లో మామూలుగా పెట్టుకునే హద్దు. తోటను నిలువుగా చీలిస్తే ప్రతి మడిలోనూ 16 ఫీట్ల తేడా అలాగే ఉండిపోయేది.

దీనికి పట్టిన సామాను కొంచెమే. సబ్‌మెయిన్‌ను రెండు చోట్ల కోసి మూతలు వేశారు. పై సగాలకు నీళ్లు విడిగా పోవడానికి పాత పైపు పక్కనే 63 మి.మీ. 4 కేజీల పైపు సుమారు 70 మీటర్లు, ఆరు మీటర్ల నిడివివి పన్నెండు. రెండు కొత్త వాల్వులు, టీలు, ఎల్బోలు, సాల్వెంట్. పైపు రెండడుగుల లోతున పూడ్చారు. అతుకు పెట్టిన రోజు నీళ్లు వదలకుండా మరుసటి రోజు వదిలారు. తొందరపడితే అతుకులు వదులయ్యేది ఇక్కడే.

దీనికి చెల్లించిన ధర వేళ. ముందు రెండు మడులు కలిపి 8 గంటలు, ఇప్పుడు నాలుగు కలిపి 16 గంటలు. కరెంటు వచ్చే వేళలను బట్టి పగలు రెండు, రాత్రి రెండు. వ్యవసాయ కరెంటు ఉచితమే, మోటరు అరుగుదల కాదు. దానికి ఒక ఊరట ఏమిటంటే బోరు మీద గుంజుడు సగమైంది, నడుస్తుండగా మట్టం అంతగా దిగడం లేదు.

మార్చాక కొలతలు: నాలుగో మడి తెరిచినప్పుడు ఫిల్టర్ ముందు 1.8 కేజీ, తర్వాత 1.7. పై గట్టు చివరి లాటరల్ దగ్గర 1.03. గిన్నెలో ఆరు నిమిషాలకు 810 మి.లీ. కింది మడుల్లో ఒత్తిడి కావలసిన దానికన్నా ఎక్కువ వచ్చింది, కాబట్టి వాల్వ్‌ను కొంచెం మూసి, చివరి లాటరల్ దగ్గర 1 కేజీ వచ్చేలా పెట్టి, ఎన్ని చుట్లు తిప్పితే అక్కడికి వస్తుందో వాల్వ్ పక్కనే పెయింటుతో రాశారు.

మార్చే అంకెలు

పొలంలో అన్నిటినీ మీటర్లలోకి మార్చి కూడడమే సుఖం. పంపు పట్టికలు మీటర్లలోనే ఉంటాయి, కళ్లతో చూసి సరిపోల్చుకోగల కొలతా అదే.

1 ఫీటు = 0.3048 మీ.
1 పీఎస్‌ఐ = 0.703 మీ. = 2.31 ఫీట్లు
1 కేజీ = 10 మీ. = 14.22 పీఎస్‌ఐ = 0.981 బార్
1 బార్ = 10.2 మీ. = 14.5 పీఎస్‌ఐ = 100 కిలోపాస్కల్
1 ఎంపీఏ = 102 మీ. = 10 బార్ = 145 పీఎస్‌ఐ

కేజీకీ బార్‌కీ మధ్య 2 శాతమే తేడా. డ్రిప్పర్ దగ్గర 1 బార్ రాసి ఉంటే 1 కేజీ పెట్టినా చెట్టుకు ఒక్క శాతం నీళ్లు తగ్గుతాయి. దాని కోసం లెక్క పట్టుకుని కూర్చోనక్కర్లేదు, గేజీ సొంత తప్పే అంతకన్నా ఎక్కువ. రెండు గేజీల తేడా తీసేటప్పుడు మాత్రం అదే 2 శాతం బరువెక్కుతుంది. 3 కేజీల లైన్‌లో ఒకటి బార్, ఒకటి కేజీ చూపితే 0.06 తేడా ఉత్తపుణ్యానికి పుడుతుంది. ఫిల్టర్ తేడా 0.2 చూడాలనుకునేవాళ్లకు అది మూడో వంతు. మిగతా జతల్లో పొరపాటు చిన్నగా ఉండదు: కేజీ–ఎంపీఏ తారుమారైతే పది రెట్లు, కేజీ–పీఎస్‌ఐ అయితే పద్నాలుగు రెట్లు, మీటరు–ఫీటు అయితే మూడు రెట్లకు పైనే.

అంకె ఏ యూనిట్‌దో చేతికి అలవాటు కావాలంటే టైరు షాపు చాలు. బండికి 32 కొట్టమంటే అది పీఎస్‌ఐ, 2.25 కేజీ, 22.5 మీటర్ల నీళ్లు. టైరులో ఒట్టి గాలితో ఉన్న ఒత్తిడి ఆరేడు అంతస్తుల మీది ట్యాంకు నుంచి కింద కుళాయికి వచ్చేంత. కేజీలో 32 వచ్చే చోటు డ్రిప్ తోటలో ఎక్కడా లేదు. అలాంటి అంకె కనబడితే అది పౌండ్లే.

గేజీలు అన్నీ గాలి ఒత్తిడిని సున్నాగా తీసుకుని దాని పైన ఎంతుందో చూపుతాయి. సముద్ర మట్టానికి సుమారు 420 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి 0.96 బార్ దగ్గర ఉంటుంది. దాన్ని హెడ్ లెక్కలో కలపకూడదు. అది బయటా లోపలా రెండు వైపులా ఉంటుంది. అది లెక్కకొచ్చేది బావి గట్టు మీద మోనోబ్లాక్ (మోటరూ పంపూ ఒకటిగా ఉన్న సెట్టు) పెట్టి నీళ్లు పీల్చేటప్పుడు. ఆ 0.96 బార్‌కు దాదాపు 9.8 మీటర్లే వస్తాయి. అదీ కాగితం మీద, ఆచరణలో ఆరేడు మీటర్లు దాటించొద్దు.

ఈ తోటలో ఎంపీఏ గేజీ తీసేసి రెండు వైపులా 0–4 కేజీలవి పెట్టారు. ముల్లు మామూలుగా స్కేలు నడిభాగంలో ఆడాలి, అందుకని 10, 16 కేజీల స్కేళ్లు వద్దన్నాం. పైగా రెండిటి కొళాయిలూ ఒకే సైజు, అనుమానం వస్తే గేజీలు అటుదిటు మార్చి చూడొచ్చు. గోడ మీద "ఫిల్టర్ తర్వాత, 4వ మడి: 1.7 కేజీ" అని యూనిట్‌తో సహా రాసి ఉంది.

ఆ అంకె ఇప్పుడు బోరు మట్టం చెప్పడానికి కూడా పనికొస్తోంది. నీళ్లు పది ఫీట్లు దిగితే 0.3 కేజీ పోవాలి. కానీ నాలుగో మడి నడుస్తుండగా గేజీ మీద తగ్గేది సుమారు 0.2 మాత్రమే. ప్రవాహం కొంత తగ్గి పంపు కొంత పైకి సర్దుకుంటుంది కాబట్టి. మేలో 1.7 కాస్తా 1.5కు వస్తే మట్టం 250 దగ్గరుందని లెక్క. అప్పుడు పై మడికి తడి నాలుగు గంటలు కాదు, నాలుగున్నర ఇవ్వాలి.